బోయాల లోపలి నీళ్ళు

ఏప్రిల్ 14

ఇవాళ సముద్రంలో పసుపు బోయాలు, హద్దు చూపే తేలే గుర్తులు, దింపారు. పొద్దున వార్తలయ్యాక రేడియోలో చదివారు: స్కార్వెయ దీవికి పడమటి వైపు, మునిగిన పడవను పైకి తీసే పని అయ్యేదాకా భద్రతా వలయం. లోపలికి ఏ పడవా రాకూడదు. లంగరు వేయకూడదు, వల దింపకూడదు. పక్కనుంచి పోయేవాళ్ళు వేగం తగ్గించుకోవాలి.

చలికాలమంతా ఆ మునిగిన పడవ, ఆల్కె, ట్యాంకుల్లోంచి డీజిలు కారి సాల్మన్ పెంపకం వలల దాకా వస్తోంది. అందుకే తీస్తున్నారు, ఎవరి కోసమో కాదు.

కాపలాకు ఒక పడవ కావాలని, లాగుడు పడవ టగ్గు మీద వచ్చినవాళ్ళు దీవిలో అందరినీ అడిగారు. ఆ నీళ్ళ చుట్టూ తిరగడానికి ఎవరూ ఒప్పుకోలేదు. నేను ఒప్పుకున్నాను. ఇక్కడి రాళ్ళు నాకు తెలుసు. నా పడవ ఖాళీగా ఉంది, నవంబరు నుంచి నేనూ ఖాళీగానే ఉన్నాను. వేరే కారణం లేదు.

“ఏం పనమ్మాయ్?” అని అడిగింది అత్తయ్య.

“పడవలు లోపలికి రాకుండా చూడటం.”

“లోపల ఎవరున్నారు?”

“ఎవరూ లేరత్తయ్యా.”

“మరి నా కొడుకు?”

నవంబరులో ఆల్కె మునిగిన వారంలోనే తోటివాళ్ళు హల్దన్, ఇంగ్వాల్ శవాలై ఒడ్డుకు కొట్టుకొచ్చారని, మా ఐలెర్ట్ ఒక్కడే రాలేదని పెట్రీనా అత్తయ్యకు రోజూ చెప్పాలి. రోజూ కొత్తగా విన్నట్టే వింటుంది. తర్వాత కాఫీ అడుగుతుంది.

ఏప్రిల్ 15

గాలి. తిరిగాను. ఏమీ లేదు.

ఏప్రిల్ 17

పని తేలికే. ఎవరైనా దగ్గరికొస్తే రేడియోలో పిలిచి దారి మళ్ళించడం. వచ్చేవాళ్ళంతా తెలిసినవాళ్ళే. నా గొంతు వినగానే “అలాగే” అని పెడసరంగా అని తిప్పుకుంటారు. అంతకుమించి ఒక్క మాట కూడా మాట్లాడరు. నవంబరు నుంచీ ఇదే వరస.

వలయం నడుమ క్రేన్ మోసే చదునైన పడవ, బార్జి, దాని పక్కన టగ్గు. గజ ఈతగాళ్ళు పొద్దుటినుంచీ నీళ్ళలోనే ఉన్నారు. పడవల రాకపోకలు ఆగిపోయేసరికి ఆ నీళ్ళు పాలమీగడలా కదలకుండా పడి ఉన్నాయి. సీల్ జంతువులు ఎక్కడెక్కడినుంచో వచ్చి బోయాల వరసకు ఇవతలే తలలెత్తి నిలబడ్డాయి. అన్నీ లోపలికే చూస్తున్నాయి. ఒక్కటీ గీత దాటలేదు. వాటికి రేడియో వార్తలు ఎవరు చదివారో.

మధ్యాహ్నం ఒక జర్మన్ విహారపడవను మళ్ళిస్తుంటే మధ్యలో ఎవరో రేడియో మీట నొక్కి వదిలారు. టిక్, టిక్. రెండుసార్లు. మాట లేదు.

ఐలెర్ట్ మాట్లాడేముందు అలా రెండుసార్లు నొక్కేవాడు. గొంతు సవరించుకున్నట్టు.

చాలామంది అలాగే నొక్కుతారు. రేడియో పాతది.

ఏప్రిల్ 18

అత్తయ్య నాలుగు కంచాలు పెట్టింది. ఆమెకు ఒకటి, నాకు ఒకటి, ఐలెర్ట్‌కు ఒకటి. ఈ మూడూ చలికాలమంతా చూస్తున్నవే. నాలుగోది ఎందుకని అడిగాను.

“వాడితో వచ్చినతనికి.”

“ఎవరతను?”

“నాకేం తెలుసు? మన భాష రాదు. సిగ్గుపడుతున్నాడు పాపం. బంగాళాదుంపలు అటు జరుపు.”

జరిపాను. ఆమెతో వాదించి లాభం లేదు. తిన్నాక ఐలెర్ట్‌దీ, ఆ నాలుగోదీ కూడా కడిగాను. తినని కంచాలను కడగాల్సిన పని లేదని తర్వాత తట్టింది.

ఏప్రిల్ 21

బోర్‌గిల్ వచ్చింది. హల్దన్ భార్య. వాళ్ళాయన చిన్న పడవలో, ఒక్కతే, సూటిగా బోయాల మీదికి. రేడియోలో పిలిస్తే పలకలేదు. అడ్డంగా వెళ్ళి నా పడవ ఆపాను. పడవల అంచులు రాసుకున్నాయి. ఆమె ఒళ్ళో పూలదండ ఉంది.

“తప్పుకో గున్వోర్.”

“లోపలికి పోకూడదు. పైన బరువులు వేలాడుతున్నాయి, కింద మనుషులున్నారు.”

“నా మొగుడు చచ్చిన చోటికి పోవడానికి నీ అనుమతి కావాలా?”

“నాది కాదు. వాళ్ళది.”

“కాపలా కోటు మాత్రం నీ ఒంటిమీదే ఉంది.” నా ఆకుపచ్చ కోటు కేసి చూసింది. “బాగుంది నీకు. అడుగున ఏం దొరుకుతుందో ముందు నువ్వే చూసి, సర్దాల్సింది సర్దుకోవచ్చు.”

“ఏం సర్దుకోవాలి నేను?”

“ఇంటికి రావాల్సిన పడవ పడమటికి ఎందుకు తిరిగింది? ఆ గాలిలో? రేడియో ఎందుకు మూగబోయింది? వేట నిషేధించిన చోటికి దొంగతనంగా పోయాడు కాబట్టి. ఎవరికీ తెలియకూడదని అన్నీ ఆపేశాడు కాబట్టి. నా మొగుడిని నీ మొగుడి ఆశ చంపింది. ఈ దీవిలో అందరూ అనుకునేది ఇదే, నీ మొహం మీద అనడానికి జంకుతున్నారు.”

ఐలెర్ట్ అలాంటివాడు కాదని నాకు తెలుసు. అది జవాబు కాదు.

పూలదండను బోయా అవతలికి విసిరింది. అది నీళ్ళమీద పడి లోపలికి పోలేదు, బయటికీ రాలేదు. ఆ వరస మీదే చాలాసేపు ఊగుతూ ఉంది.

ఏప్రిల్ 22

మళ్ళీ రెండుసార్లు. రేడియో పాతది.

ఏప్రిల్ 23

దాన్ని రేవులో మెకానిక్కుకు చూపించాను. “దీనికేం? కొత్తదానికన్నా బాగుంది” అన్నాడు.

అతనికి రేడియోల గురించి పెద్దగా తెలియదు.

ఏప్రిల్ 25

వివరంగా రాయాలి. రేపటికి నాకే నమ్మకం కలగకపోవచ్చు.

పొద్దున్నే పొగమంచు దిగింది. నా పడవ ముక్కు కూడా కనిపించడం లేదు. బార్జి మీద పని ఆపేశామని హార్మెన్ రేడియోలో చెప్పాడు. హార్మెన్ డచ్చివాడు, ఈ పనంతటికీ పెద్ద. నన్ను మాత్రం ఉన్నచోటే ఉండమన్నాడు. ఇంజన్ ఆపి తూర్పు బోయా దగ్గర కూర్చున్నాను.

అప్పుడు వలయం లోపల ఇంకో ఇంజన్ శబ్దం వినిపించింది. నెమ్మదిగా నడుస్తోంది. ప్రతి మూడో దెబ్బకు ఒకటి తప్పుతోంది. ఆ తప్పే దెబ్బ నాకు తెలుసు. ఇరవై ఏళ్ళు ఆ శబ్దం రేవు మలుపు తిరిగేటప్పుడు విని బంగాళాదుంపలు పొయ్యిమీద పెట్టేదాన్ని.

రేడియో తీసి, పనిలో చెప్పినట్టే చెప్పాను: “వలయంలో ఉన్న పడవ, మీరు నిషేధించిన చోట ఉన్నారు. పేరు చెప్పండి.”

టిక్, టిక్.

“పేరు చెప్పండి” అన్నాను మళ్ళీ. జవాబు లేదు. ఇంజన్ శబ్దం దూరమవుతోంది. ఇంకాసేపు ఆగితే వినిపించదనిపించింది. నేను ఇంజన్ వేసి లోపలికి పోయాను.

లోపల గాలి లేదు. బోయా దాటగానే, గదిలోకి వెళ్ళి తలుపు మూసుకున్నట్టు అయింది. డీజిలు వాసన. సీల్ జంతువులు మంచులో ఎక్కడో ముక్కుతో ఊపిరి వదులుతున్నాయి. వాటిలో ఒకటి మనిషిలా దగ్గింది. ఎదురుగా ఒక నల్లటి ఆకారం లేచింది. ఆల్కె అనుకున్నాను. పేరు పెట్టి పిలిచాను కూడా, ఆయన పేరు పెట్టి.

అది బార్జి. పైనుంచి హార్మెన్ మైకులో అరిచాడు. మోకు విసిరి, నన్ను పైకి రమ్మన్నాడు.

“కాపలా మీరు. మీరే లోపలికొస్తే ఎట్లాగండీ?”

“లోపల ఒక పడవ ఉంది.”

“మా రాడార్‌లో మీరు తప్ప ఎవరూ లేరు.”

“ఇంజన్ చప్పుడు విన్నాను.”

“ఏ పడవ?”

అతను నా మొహం చూసి, టోపీ తీసి తల గోక్కున్నాడు. “ఆల్కె నడిపినాయన మీకేమవుతారు?”

“మా ఆయన.”

“ఈ మాట నాకెవరూ చెప్పలేదు.”

“మీరు అడగలేదు.”

“మిమ్మల్ని పంపించెయ్యాలి నేను.”

“పంపించండి. ఇంకెవరొస్తారు?”

కాఫీ పోసిచ్చాడు. అతని కాఫీ బురదలా ఉంది. “ఇన్నేళ్ళ పనిలో నేను చూసిందేంటంటే” అన్నాడు, “పైకి తీసే పడవ పక్కన ఇంటివాళ్ళు ఉండకూడదు. వాళ్ళు దేనికోసం చూస్తున్నారో అది రాదు. వేరేదేదో వస్తుంది. సరే, ఉండండి. కానీ పైకి తీసేరోజు మీ పడవ ముక్కు బయటివైపు తిప్పి ఉంచాలి. మీరు చూడాల్సింది బయటికి. ఒప్పుకుంటారా?”

ఒప్పుకున్నాను. నేను దేనికోసమూ చూడటం లేదని కూడా చెప్పాను.

ఏప్రిల్ 26

అత్తయ్య అడిగింది: “నిన్న మంచులో వాడిని చూశావా?”

మంచు సంగతి నేనామెకు అసలు చెప్పనేలేదు.

ఏప్రిల్ 29

తీశారు.

ముక్కు బయటికే తిప్పి ఉంచాను. మాట తప్పలేదు. వీపు వెనక క్రేన్ గొలుసులు మూలిగాయి, తర్వాత నీళ్ళు కారే శబ్దం. ఎంతసేపటికీ ఆగదు. ఒక పడవలో అన్ని నీళ్ళు పడతాయని ఎప్పుడూ అనుకోలేదు. సీల్ జంతువులు ఒక్కసారిగా మునిగిపోయాయి.

చూశానో లేదో ఇక్కడైనా నిజం రాయాలి. కిటికీ అద్దంలో నీడ పడింది. రంగు వెలిసిన నీలం. అంతే చూశాను.

ముందరి గది తలుపుకు అడ్డంగా వలలన్నీ చుట్టుకుని ఉన్నాయట. గజ ఈతగాళ్ళు ఇన్ని రోజులూ అందులోకి పోలేకపోయారు. రేవుకు చేరాక తెరుస్తారు.

ఏప్రిల్ 30

ఆల్కెను బార్జికి కట్టి, టగ్గు ఆ రెంటినీ లాక్కుంటూ అవతలి ఒడ్డున ఉన్న రేవుకు బయల్దేరింది. పొద్దున రేడియోలో చదివారు: వలయం ఇకనుంచి టగ్గుతోపాటే కదులుతుంది. ముందూ వెనకా పక్కలా అంతే దూరం, ఎవరూ దగ్గరికి రాకూడదు. పాత చోట కూడా, అడుగు శుభ్రం చేసేదాకా, బోయాలు ఉంటాయి.

నేను ముందు నడిచాను. ఎదురొచ్చిన వాళ్ళందరికీ ఒకటే మాట: పక్కకు జరగండి, దారి వదలండి. అందరూ వదిలారు. జలసంధిలో ప్రయాణికుల పడవ ఇంజన్లు ఆపి నిలబడిపోయింది. డెక్కు మీదికి జనం వచ్చి, చేతులు కట్టుకుని చూశారు. మా చుట్టూ ఖాళీ నీళ్ళు. ఆ ఖాళీ మాతోపాటే వస్తోంది. ఎండ కాస్తోంది. రేవు కనిపించినప్పుడు రేడియోలో టిక్ టిక్ వినిపించింది. తర్వాత ఇక లేదు.

సాయంత్రం హార్మెన్ గట్టు మెట్లు దిగి నా పడవ దగ్గరికి వచ్చాడు. ఎక్కనా అని అడిగాడు. ఎప్పుడూ అడగడు.

“ముందరి గది తెరిచాం. లోపల ఒకరున్నారు” అన్నాడు.

మే 1

పోలీసాఫీసులో ఒక స్వెట్టరు చూపించారు. కడిగి, ఆరబెట్టి, మడతపెట్టి. ముఖం చూపించే స్థితిలో లేదట.

నేను అల్లిందే. ఎడమ చెయ్యి కొంచెం పొడుగు. ఒకవైపు లెక్క తప్పి అల్లాను, విప్పడానికి బద్ధకించాను. రెండుసార్లు మడిచి తొడుక్కునేవాడు.

“ఇది ఆయనదేనా?” అని అడిగింది పోలీసమ్మాయి.

“ఆయనదే.”

“పళ్ళు పరీక్షించాక గానీ ఖాయంగా చెప్పలేం.”

“ఆయనదే” అన్నాను.

మే 2

దొరికాడు.

మే 3

ఫాదర్‌తో మాట్లాడాను. సమాధికి గోడ పక్క చోటు, గాలి తగలదు. రాయి మీద ఏం చెక్కాలో కూడా అనుకున్నాం. నిద్ర బాగా పట్టింది. ఆకలి వేసింది. దుకాణంలో ఇద్దరు పలకరించారు.

అంతా సవ్యంగా ఉంది.

మే 4

నల్ల బట్టలు ఇస్త్రీ చేస్తుంటే అత్తయ్య వచ్చి నిలబడింది.

“ఎవరికి?”

“ఐలెర్ట్ దొరికాడత్తయ్యా. మీకు చెప్పాను కదా.”

“వాడు కాదు.”

“స్వెట్టరు నేను చూశాను.”

“స్వెట్టరు ఇచ్చేశాడమ్మా. ఆ అబ్బాయి వణికిపోతుంటేను.” నా చేతిలోంచి ఇస్త్రీపెట్టె తీసి పక్కన పెట్టింది. “బట్ట కాలుతోంది చూడు.”

కాలింది. కాలరు దగ్గర.

మే 8

ఐలెర్ట్ కాదు.

పోలీసమ్మాయి ఇంటికొచ్చి చెప్పింది. పొట్టి మనిషి. పైవరసలో ఒక బంగారు పన్ను. వయసు ముప్పైకి కొంచెం అటూ ఇటూ. ఇంజన్ గదిలో, నీళ్ళలో తేల్చే నారింజరంగు ఫ్లోట్ సూటు ఒకటి దొరికింది, వీపు మీద ఒక సరుకు ఓడ పేరు. నవంబరులో, సరిగ్గా ఆల్కె మునిగిన రోజే, ఆ ఓడ డెక్కు మీద గొలుసులు బిగించడానికి పోయిన ఒకతను తిరిగి రాలేదట. ఎక్కడ పడ్డాడో ఎవరూ చూడలేదు. వాళ్ళు దక్షిణాన చాలా దూరంలో వెతికి, మానుకున్నారు. ఫిలిప్పీన్స్ అతను. పేరు రోడెల్.

ఆమె చెబుతుంటే నేను పక్క గదిలోకి చూడలేదు. అక్కడ అత్తయ్య బల్ల సర్దుతోంది. చెంచాల శబ్దం వినిపిస్తోంది.

మే 9

హార్మెన్ రమ్మంటే రేవుకు వెళ్ళాను. ఆల్కె దిమ్మెల మీద నిలబెట్టి ఉంది. ఎక్కమన్నాడు. “ఇంటివాళ్ళు ఉండకూడదన్నాను. ఇప్పుడు చూడండి” అన్నాడు.

మొదట డెక్కు చూపించాడు. రేడియో స్తంభం విరిగి ఉంది. విరిగిన ముక్కను చేపల పెట్టెల పక్కన తాళ్ళతో కట్టి ఉంచారు. “మునిగేటప్పుడు విరిగిందయితే ఎవరు కట్టారు దీన్ని?” అన్నాడు. “మంచు పేరుకుని అంతకుముందే విరిగింది. వాళ్ళు కట్టారు. అందుకే వాళ్ళ పిలుపు ఎవరికీ అందలేదు.”

తర్వాత ముందరి గది. కింది పడకకు బెల్టులు. అలలకు దొర్లి పడకుండా రోడెల్‌ని పడకకు కట్టి, ఉన్న దుప్పట్లన్నీ కప్పారు. వేడినీళ్ళు పోసిన సీసాలు రెండు. ఒక బెల్టు కోసి ఉంది. రెండోది సగం కోసి ఉంది.

“కత్తి పరుపు మడతలో దొరికింది” అని నా చేతికిచ్చాడు. పిడి మీద ఐలెర్ట్ పేరు పొడి అక్షరాలు ఉన్నాయి.

హల్దన్, ఇంగ్వాల్ తేలే సూట్లు తొడుక్కుని దొరికారు. అంటే వాళ్ళు బయటికి వచ్చారు. ఐలెర్ట్ రోడెల్ బెల్టులు కోయడానికి వెనక్కి పోయాడు. సగం కోసేసరికి నీళ్ళు వచ్చేశాయి. తలుపు అప్పుడు తెరిచే ఉంది, వలలు తర్వాత వచ్చి పడ్డాయి. నీళ్ళు ఆయన్ని ఎటు తీసుకుపోయాయో ఎవరూ చెప్పలేరు.

ఆ పడక అంచు మీద కూర్చున్నాను. హార్మెన్ బయటికి పోయి, మెట్ల దగ్గర వీపు తిప్పి నిలబడ్డాడు.

మే 11

బోర్‌గిల్ వచ్చింది. పోలీసులు ఆమెకూ చెప్పారు. తలుపు దగ్గరే నిలబడింది.

“పడమటికి తిరిగింది అతనికోసమా?”

“అలాగే కనిపిస్తోంది.”

“అతన్ని నీళ్ళలో చూసిందెవరో. హల్దన్‌దే మంచి చూపు.”

“అయ్యుంటుంది.”

“హల్దనే చూసుంటాడు” అంది. లోపలికి రమ్మన్నాను. రాలేదు. “నిన్ను అన్నవన్నీ నేను వెనక్కి తీసుకోలేను గున్వోర్. ఇప్పటికీ నామీద నాకు కాదు, నీ మొగుడిమీదే కోపం. అతన్ని ఎక్కించుకోకపోతే నలభై నిమిషాల్లో ఇంటికొచ్చేవాళ్ళు.”

“అవును.”

“ఎక్కించుకోకుండా వచ్చుంటే ఇంట్లోకి రానిచ్చేదానివా?”

బోర్‌గిల్ జవాబుకోసం ఆగలేదు. దిగువన రోడ్డు మీద చాలాసేపు నిలబడి, తర్వాత వెళ్ళిపోయింది.

మే 13

అత్తయ్య ఇవాళ రెండు కంచాలే పెట్టింది. ఎందుకని అడగలేదు.

మే 16

భద్రతా వలయం రద్దయిందని పొద్దున చదివారు. బోయాలు ఎత్తేశారు. టగ్గు వెళ్ళిపోయింది. హార్మెన్ తన బురద కాఫీ పొడి ఒక డబ్బా వదిలిపోయాడు.

నా పని అయిపోయింది. అయినా బయల్దేరి వెళ్ళాను, ఊరికే. అక్కడ ఇప్పుడేమీ లేదు. తేడా లేని నీళ్ళు. కొండ వైపునుంచి మూడు చేపల పడవలు వచ్చాయి. మూడూ, ఒకదానివెనక ఒకటి, బోయాలు ఉన్న చోటు దాకా వచ్చి వంపు తిరిగి, ఆ మేరకు చుట్టి, మళ్ళీ తమ దారిలో పడ్డాయి. వాళ్ళెవరికీ నేను ఏమీ చెప్పలేదు. సముద్రకాకులు కూడా ఆ పైన ఎగరడం లేదు. నేను లోపలికి పోదామనుకున్నాను. ముక్కు అటు తిప్పాను కూడా. చేతిలో చుక్కాని బరువెక్కింది. రేపు పోవచ్చులే అనుకున్నాను.

చుట్టూ తిరిగే ఇంటికొచ్చాను.

మే 20

రోడెల్ శవపెట్టె నిన్న విమానం ఎక్కింది. ఇవాళ వాళ్ళ అక్క ఫోన్ చేసింది. పేరు ఆర్సెలీ. ఆమె ఇంగ్లీషు నాకన్నా నయం. వెనక కోళ్ళ కూతలు, ఎవరో గిన్నెలు తోముతున్న చప్పుడు. అక్కడ సాయంత్రమట.

మాకు బాధగా ఉందన్నాను. ఆమె కూడా అదే మాట అంది.

“మావాడు ఒక్కడే పోయాడనుకున్నామండీ” అంది. “నీళ్ళలో, ఒంటరిగా. అమ్మ ఆరు నెలలుగా అదే తలుచుకుంటోంది. ఒక్కడే కాదు కదా?”

“కాదు. పక్కన మనుషులున్నారు. దుప్పట్లు కప్పారు. చివరిదాకా మా ఆయన దగ్గరే ఉన్నాడు.”

చివరిదాకా అన్నది నాకు తెలిసిన సంగతి కాదు. అయినా అన్నాను. అన్నాక అది నిజమే అనిపించింది.

ఆమె ఎవరికో వాళ్ళ భాషలో చెప్పింది. అవతల ఒక ముసలి గొంతు ఏదో అడిగింది.

“ఆదివారం చర్చిలో రోడెల్ పేరు చదువుతారు. మీ ఆయన పేరు కూడా చదివించమంటోంది అమ్మ. ప్రతి ఏడూ కూడా, వాళ్ళు పోయిన రోజున. పేరు చెప్తారా?”

చెప్పాను. ఆమె తిరిగి పలికింది. “ఐలో.”

“ఐలెర్ట్.”

“ఐలోట్.”

ఒక్కొక్క అక్షరం విడదీసి చెప్పాను. ఆమె రాసుకుని, చదివి, తన తల్లికి వినిపించింది. ముసలామె గట్టిగా, జాగ్రత్తగా, తనదైన పద్ధతిలో అంది. వెనక ఉన్నవాళ్ళు ఒకరి తర్వాత ఒకరు అన్నారు. చిన్నపిల్ల గొంతు కూడా ఒకటి. ఎవరికీ సరిగ్గా రాలేదు. అందరిదీ మాత్రం ఒకేలా ఉంది.

నేను ఇక దిద్దలేదు. అక్కడ ఆయన పేరు అదే.